కొత్త గ్రాఫిక్స్ కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉన్నాయి: ఒక్క కేబులు సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారం. ఇంతకాలం నేను వాడిన గ్రాఫిక్స్ కార్డుకు విడిగా పవర్ కేబులు అక్కరలేదు. స్లాట్‌లో పెడితే పనిచేసేది. కొత్తగా తీసుకున్న కార్డు పైఅంచున రెండు 8 పిన్నుల సాకెట్లు ఉన్నాయి. ఈ కార్డు గరిష్ఠంగా 300 వాట్ల వరకు తీసుకుంటుంది. నా పవర్ సప్లై 750 వాట్లది, కేబుళ్లను విడదీయగలిగే మాడ్యులర్ రకం. దానితో వచ్చిన ఒక కేబులు చివర రెండు 6+2 పిన్నుల (6 పిన్నుల భాగం, పక్కన విడివడే 2 పిన్నుల ముక్క) కనెక్టర్లు ఉన్నాయి. మొదటిదాని నుంచి ఒక జానెడు తీగ సాగి రెండోది వేలాడుతోంది. ఆ ఒక్క కేబులుతోనే రెండు సాకెట్లకూ కలపవచ్చా?

మరో రెండు సందేహాలు. పాత కంప్యూటరులోని వేరే కంపెనీ పవర్ సప్లై నుంచి తీసి దాచుకున్న కేబులు ఒకటి ఉంది. చూడటానికి అచ్చం ఇలాగే ఉంది, నా సప్లైలో చక్కగా దిగుతోంది కూడా. రెండో సాకెట్‌కు దాన్ని వాడవచ్చా? అలాగే 4+4 పిన్నుల కేబులు ఒకటి ఖాళీగా మిగిలింది. అది పనికివస్తుందా? ఇంకా కరెంటు ఇవ్వలేదు.

జవాబు 1

కరెంటు ఇవ్వకముందే అడిగి మంచి పని చేశారు. ముందుగా పాత కేబులు సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. దయచేసి దాన్ని వాడకండి. కార్డు వైపు ఉండే 8 పిన్నుల అమరిక అన్ని కంపెనీలకూ ఒకటే: మూడు పిన్నుల్లో 12 వోల్టులు, మిగిలిన ఐదింటిలో గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి). కానీ కేబులు రెండో కొన, అంటే పవర్ సప్లైలోకి దిగే కొన విషయంలో అందరూ పాటించే అమరిక ఏదీ లేదు. ఏ పిన్నులో ఏ వోల్టేజీ పెట్టాలో ప్రతి కంపెనీ తానే నిర్ణయించుకుంటుంది. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు.

కొన్నేళ్ల క్రితం నేను పవర్ సప్లై మార్చినప్పుడు, పాత కేబుళ్లు కేసులో పొందికగా కట్టి ఉన్నాయి కదా అని వాటినే కొత్తదానికి తగిలించాను. ప్రతి కనెక్టరూ టక్కుమని కూర్చుంది. స్విచ్ వేసిన మరుక్షణం కాలిన వాసన వచ్చింది. 5 వోల్టులు రావలసిన తీగలో 12 వోల్టులు వచ్చి రెండు హార్డ్ డిస్కులు పోయాయి, వాటిలో ఉన్న ఇంటివాళ్ల ఫొటోలు మళ్లీ దొరకలేదు. కేబులు సాకెట్‌లో దిగినంత మాత్రాన అది సరైన కేబులని అనుకోకూడదని అప్పటి నుంచి కనిపించిన ప్రతివారికీ చెబుతున్నాను.

ఇక ఒక్క కేబులు విషయం. స్లాట్ నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి, ఒక్కో 8 పిన్నుల కనెక్టరుకు 150 వాట్ల పరిమితి ఉంది. మీ కార్డు 300 వాట్లు తీసుకుంటున్నప్పుడు కనీసం 225 వాట్లు కేబుళ్ల ద్వారానే రావాలి. 12 వోల్టుల వద్ద అది దాదాపు 19 ఆంపియర్లు. ఒక్క కేబులు వాడితే ఆ కరెంటు అంతా మూడే తీగల్లో, అంటే తీగకు 6 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. రెండు కేబుళ్లు వాడితే తీగకు 3 ఆంపియర్లే. మంచి కేబులు మొదటి భారాన్ని కూడా భరించవచ్చు, కానీ కార్డు తీసుకునే కరెంటు నిలకడగా ఉండదు; క్షణంలో వెయ్యోవంతు సేపు చెప్పిన పరిమితిని దాటి ఎగసిపడుతూ ఉంటుంది. కనుక సప్లైతో వచ్చిన రెండో పీసీఐఈ కేబులును, అంటే గ్రాఫిక్స్ కార్డు కేబులును వెతికి, సాకెట్‌కు ఒక కేబులు చొప్పున కలపండి. వేలాడే అదనపు కనెక్టర్లను ఫ్యాను రెక్కలకు తగలకుండా పక్కకు కట్టేయండి.

జవాబు 2

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 4+4 పిన్నుల కేబులు గురించి చెబుతాను: అది ప్రాసెసరు కోసం మదర్‌బోర్డుకు వెళ్లేది. దానిలో నాలుగు పిన్నులు 12 వోల్టులు, నాలుగు గ్రౌండ్. పైగా 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరుసలు గ్రాఫిక్స్ కార్డు కేబులుకు తారుమారుగా ఉంటాయి. పొరపాటున దూరకుండా పిన్నుల గూళ్లలో కొన్నిటిని చదరంగా, కొన్నిటిని మూలలు కోసినట్లుగా చేస్తారు, అయితే బలవంతంగా నొక్కితే ప్లాస్టిక్ లొంగిపోతుంది. చీలిక చూసి గుర్తుపట్టడం తేలిక: సగానికి సగం చీలితే ప్రాసెసరుది, ఆరు ఒకవైపు, రెండు ఒకవైపు చీలితే గ్రాఫిక్స్ కార్డుది. కనెక్టరు మీద సీపీయూ అని గానీ, పీసీఐఈ లేదా వీజీఏ అని గానీ అచ్చు కూడా ఉంటుంది.

కలిపే ముందు సప్లై వెనక స్విచ్ ఆపి, గోడ నుంచి ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సప్లైతో వచ్చిన సంచి అడుగున రెండో కేబులు దొరికింది. రెండూ కలిపి స్విచ్ వేశాను. కార్డు ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి, కానీ కంప్యూటరు ఆపి పవర్ కేబుళ్లు కలపమని తెర మీద సందేశం వస్తోంది. కేబుళ్లు కలిపే ఉన్నాయి కదా, ఇంకేం లోపం ఉన్నట్లు?

జవాబు 1

చాలావరకు ఇది ఆ 2 పిన్నుల ముక్క దగ్గర జరిగే పొరపాటే. ఆ ముక్కలో 12 వోల్టులు ఉండవు. రెండు పిన్నులూ గ్రౌండ్‌కే వెళతాయి. వాటిలో ఒకటి మాత్రం, తనకు తగిలించింది 8 పిన్నుల కేబులేనని కార్డు గుర్తించడానికి ఉన్నది. నొక్కేటప్పుడు 6 పిన్నుల భాగం లోపలికి వెళ్లి, ఈ చిన్న ముక్క వెనక్కి జారిపోతుంటుంది. కరెంటు మళ్లీ పూర్తిగా ఆపి, రెండు ముక్కలనూ ముందుగా చేతిలో జోడించి, చిన్నదాని అంచు మీది గాడి పెద్దదానితో కలిసేలా పట్టుకుని, ఒకేసారి నొక్కండి. కొక్కెం పడిన చప్పుడు వినిపించాలి. తర్వాత టార్చి వేసి పక్క నుంచి చూస్తే రెండు భాగాల మధ్య ఎత్తులో తేడా ఉండకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్లే రెండో కేబులు చిన్న ముక్క రెండు మిల్లీమీటర్లు పైకి తేలి ఉంది. సరిచేయగానే తెర వచ్చింది; గంటసేపు గేము ఆడినా ఇబ్బంది లేదు, కేబుళ్లు ముట్టుకుంటే వేడిగా కూడా లేవు. మా తమ్ముడు కొనబోయే కార్డుకు 16 పిన్నుల చిన్న సాకెట్ ఉంది. దానికీ ఇవే జాగ్రత్తలు సరిపోతాయా?

జవాబు 2

ఇవే జాగ్రత్తలు, కానీ మరింత కచ్చితంగా పాటించాలి. ఆ కనెక్టరు 600 వాట్ల వరకు, అంటే 50 ఆంపియర్లను, ఆరు పిన్నుల మీదుగా పంపుతుంది; పిన్నుకు 8 ఆంపియర్లకు పైనే. ఒకటి రెండు పిన్నులు సరిగా తాకకపోతే వాటి వాటా మిగిలిన వాటి మీద పడుతుంది. 2022 చివరలో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల మీద ఈ కనెక్టర్లు కరిగిన సంఘటనలు బయటపడ్డాయి, పూర్తిగా లోపలికి నొక్కకపోవడం వాటికి ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా తేలింది. తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6 రకంలో సంకేతం ఇచ్చే చిన్న పిన్నులను పొట్టిగా చేశారు. కనెక్టరు సగమే దిగితే అవి తాకవు, కార్డు కరెంటు తీసుకోదు. కనెక్టరు నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల వరకు తీగను వంచకుండా నిటారుగా వదలమనండి. కేసు పక్క తలుపు మూసేటప్పుడు అది ఆ తీగను నొక్కుతుంటే, ఆ కేసులో ఆ కార్డు పట్టదనే అర్థం.