హక్కుల సంఘాలకి చందా ఇవ్వాలనుంది కానీ వాళ్ళ కేసులన్నీ నచ్చట్లేదు, ఏం చెయ్యను?

మాది విజయవాడ. ఫోన్ ట్యాపింగ్‌కి రూల్స్ పెట్టిన 1996 తీర్పు, బళ్ళో వండిన భోజనమే పెట్టాలన్న 2001 ఆర్డరు, 2013లో నోటా, ఇవన్నీ పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే పౌరహక్కుల సంస్థ) వేసిన కేసుల్లో వచ్చినవే అని ఈమధ్యే తెలిసింది, అప్పట్నుంచి ఇలాంటి సంఘాలకి నెలనెలా ఎంతోకొంత పంపాలనుంది.

చిక్కేంటంటే వీళ్ళు ఎంత ఘోరమైన కేసైనా సరే ఉరిశిక్ష వద్దంటారు, అది నాకు అస్సలు మింగుడు పడదు. అన్నం తింటుంటే మా బాబాయ్ "చచ్చినోళ్ళకి లేవేంట్రా హక్కులు, నీ డబ్బులు వాళ్ళకి పొయ్యడం దేనికి" అని మొదలెడతాడు (బెంజ్ సర్కిల్లో బండి ఆపి చలానా రాస్తే మాత్రం ఆయనకి రాజ్యాంగం గుర్తొస్తుంది). దిశ ఎన్‌కౌంటర్ బూటకమని 2022లో కమిషనే చెప్పింది కదా అంటే వినడు.

ఫలానా పనికే వాడండి అని చెప్పి చందా ఇస్తే తీసుకుంటారా? లేక మెంబర్‌గా చేరి లోపలే వాదించుకోవడం బెటరా? నక్సలైట్ల హింస మీద తేడాలొచ్చి హక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ గారంతటాయనే పౌరహక్కుల సంఘం వదిలేసి 1998లో మానవహక్కుల వేదిక పెట్టారు, మరి నాలాంటోడి మాట ఎవరైనా వింటారా అని డౌటు. బెజవాడ, గుంటూరు వైపు మెంబర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, 80జీ (చందాకిచ్చే ఇన్‌కంటాక్స్ మినహాయింపు) రాకపోయినా పర్లేదు.