గీజర్ వాల్వు నుంచి బొట్లు పడుతున్నాయి, డమ్మీ కొట్టించొచ్చా?

ఉప్పల్ వాసి:
చలి మొదలైందని, మార్చిలో ఆపేసిన గీజర్ నిన్న ఆన్ చేశాం. 25 లీటర్లది, కొని ఏడేళ్లయింది, మాకు బోరు నీళ్లే. ఇదివరకు అరగంటలో కాగేవి, ఇప్పుడు గంటైనా గోరువెచ్చగానే ఉంటున్నాయి, పైగా చన్నీళ్ల పైపు దగ్గరున్న వాల్వు నుంచి బొట్లు. ప్లంబర్ చూసి, వాల్వు తీసేసి అక్కడ డమ్మీ, అంటే మూసేసే బిరడా, కొట్టేస్తే సరిపోతుందన్నాడు. కార్తీకమాసం కదా, అమ్మ నాలుగున్నరకే స్నానానికి వెళ్తుంది, అందుకే టెన్షన్‌గా ఉంది.

బోడుప్పల్ నుంచి:
దయచేసి డమ్మీ మాత్రం వద్దండి. నీళ్లు కాగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది బయటికి పోవడానికే ఆ వాల్వు పెట్టింది. దాన్ని మూసేశాక ఏదో ఒకరోజు, నీళ్లు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ కట్ అవకపోతే ట్యాంకు పేలిపోతుంది. కాగుతున్నంతసేపే బొట్లు పడితే భయం లేదు. చల్లారాక కూడా కారుతుంటే సున్నం ఇరుక్కుని ఉంటుంది, కొత్త వాల్వు వేయించండి.

పాత ఎలక్ట్రీషియన్:
కాగకపోవడం బోరు నీళ్ల వల్లే అయ్యుంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులోని సున్నం విడిపోయి ఎలిమెంట్‌కి, అంటే నీళ్లు కాచే కాయిల్‌కి, పడుతుంది. నేను విప్పిన వాటిలో కొన్నింటికి కాయిల్ కనిపించనంత మందంగా, కాగు అడుగున పేరుకున్నట్టు తెల్లటి పెచ్చులుండేవి. వేడి నీళ్లకి చేరక ఎలిమెంటే మాడిపోతుంది. విప్పినప్పుడు యానోడ్ రాడ్ కూడా చూడమనండి, ట్యాంకుకి తుప్పు పట్టకుండా అది అరిగిపోతుంది, సన్నని తీగలా మిగిలితే మార్చాల్సిందే. ఎర్తింగ్ మర్చిపోకండి, పెద్దవాళ్లున్న ఇల్లు. మళ్లీ బిగించాక వేడినీళ్ల కుళాయి ఆగకుండా ధారగా వచ్చేవరకు స్విచ్ వేయొద్దు.

మియాపూర్ అక్క:
మనకి పైపులు గడ్డకట్టే బాధైనా లేదు. 2021 ఫిబ్రవరి చలికి డాలస్‌లో తమ్ముడి ఇంట్లో గోడలోని పైపు పగిలింది, నీరు మంచైతే దాదాపు 9 శాతం ఉబ్బుతుందట. అక్కడ ముందే పైపులకి ఫోమ్ తొడిగి, రాత్రి కుళాయి సన్నగా వదిలి ఉంచుతారు. ఆ ఫోమ్ మనకీ పనికొస్తుంది, మా మేడ మీద సోలార్ వేడినీళ్ల పైపుకి చిరిగిపోతే కొత్తది తొడిగించాం, పొద్దున్నే నీళ్లు వేడిగా వస్తున్నాయి.

ఉప్పల్ వాసి:
చల్లారాక కూడా కారుతూనే ఉంది. డమ్మీ వద్దని చెప్పేశాను, శనివారం వాల్వు మార్చి సర్వీసింగ్ చేయిస్తున్నా. అప్పటిదాకా అమ్మకి పొయ్యి మీద నీళ్లు కాచి ఇస్తాం.