టో క్లిప్పుల్ల కాలు దూరుతలేదు, ఆగేటప్పుడు బయటికి వస్తదో రాదో అని భయం

నల్గొండ_గేర్:
గేర్ సైకిల్ పెడళ్లకు స్టీల్ టో క్లిప్పులు (పెడల్ ముందట బూటు కొసను పట్టే కమ్మీలు), కాలును కట్టే తోలు పట్టాలు బిగించిన. కుడికాలు పెట్టుకొని బయల్దేరుతున్న గానీ ఎడమ పెడల్ తలకిందులై వేలాడి, క్లిప్ రోడ్డుకు రాసుకుంటున్నది. కిందికి చూసుకుంట కాలు దూర్చబోతే హ్యాండిల్ అటిటు పోతున్నది. క్లాక్ టవర్ కాడ సడన్‌గ ఆగాల్సి వస్తే ఎట్ల? తొక్కుతుంటే పట్టా కూడ పక్కకు జారుతున్నది. ఎంత బిగించాలె?

పాలమూరు_చక్రం:
తమ్మీ, పట్టా జారుతున్నదంటే మెలిక వెయ్యలేదన్నట్టు. విప్పి మళ్ల ఎక్కియ్యి. పెడల్ బయటి పక్క రేకు సందులకెల్లి లోపలికి పంపు, పెడల్ కింద ఒక పూర్తి మెలిక తిప్పు, లోపలి రేకుల నుంచి తీసి క్లిప్ మీది కొండీల దూర్చి బకిల్‌కు తే. ఆ మెలికే పట్టాను పట్టి ఆపుతది. బకిల్ బయటి పక్క, రేకుకు కొంచెం పైన ఉండాలె. రేకుకు ఆనుకుంటే వదులు చెయ్యరాదు.

తర్వాత పెడల్‌ను వేలితోని తిప్పి వదులు. క్లిప్ బరువుకు జర్రున కిందికి రావాలె. నడుమల ఆగిందంటే పెడల్ లోపల బేరింగ్ గుండ్లను పట్టే కోన్ టైటున్నది, లేకుంటే గ్రీస్ ఎండింది. పెడల్ ఎప్పుడూ ఒకే తీరుగ వేలాడితేనే చూడకుంట కాలికి దొరుకుతది. చానామంది ఇది పట్టించుకోక, అలవాటైతలేదని క్లిప్పులే పీకేస్తరు.

ఇగ కాలు పెట్టుడు. బయల్దేరంగనే దూర్చకు. ఎడమకాలుతోని పెడల్ ఉల్టా మొఖం (క్లిప్ లేని దిక్కు) మీదనే తొక్కి నాలుగు చుట్లు తిరగనియ్యి, సైకిల్ స్పీడు అందుకోవాలె. అప్పుడు తొక్కుడు ఆపి కాలు లేపితే, క్లిప్ కిందికి పోయి పెడల్ వెనుక అంచు పైకి లేస్తది. బూటు కొసతోని ఆ అంచును వెనక్కి గీరు. పెడల్ తిరిగి క్లిప్ ముందటికి వచ్చిన క్షణంల కాలు ముందుకు జరుపు. చూపు రోడ్డు మీదనే. తప్పితే మళ్ల నాలుగు చుట్లు ఉల్టా మొఖం మీద తొక్కి, మళ్ల గీరు. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్ల పొద్దుగాల ఇదొక్కటే చెయ్యి.

మిర్యాల_పట్టా:
అన్న చెప్పింది కరెక్ట్. బిగింపు గురించి నేను చెప్త. ఊళ్లె బకిల్ ముట్టకుంట కాలు వెనక్కి వచ్చేంత వదులుండాలె. కాలు పక్కకు తిప్పితే రాదు, ఇరుక్కుంటది. వెనక్కే గుంజాలె. సిగ్నల్ ఇంకా దూరం ఉండంగనే ఎడమకాలు తీసి ఉల్టా మొఖం మీద పెట్టుకో, ఆగినంక తియ్యాలె అనుకుంటే పడతవ్. రోడ్డు అంచు ఎడమ దిక్కే గాబట్టి ఆ కాలే దించుడు నయం. గట్టిగ గుంజి కట్టుడు ట్రాక్ రేసులోళ్లకు. జపాన్ కీరిన్ అనే ట్రాక్ రేసుల ఇప్పటికీ పట్టాలే వాడుతరు, కానీ అక్కడ నడుమల ఆగే పని లేదు. బిగుసుకుంటే చిటికెనవేలు దిక్కు తిమ్మిరెక్కుతది. బకిల్‌ను బొటనవేలితోని బయటికి నెట్టు, వదులైతది.

నల్గొండ_గేర్:
సమజైంది అన్నా. బూటు కొస క్లిప్‌కు తగులుతున్నది, అట్లనే ఉండనియ్యాల్నా?

పాలమూరు_చక్రం:
వద్దు. బొటనవేలి మొదట్ల ఉన్న ఉబ్బు సరిగ్గ పెడల్ ఇరుసు మీదికి రావాలె, అప్పుడు కొసకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు మిగలాలె. తగులుతుంటే క్లిప్ చిన్న సైజు. పెద్దది తెచ్చుకో, లేదా బోల్టుల కాడ వాషర్లు పెట్టి ముందుకు జరుపు. కట్టలున్న సోల్ బూట్లు రేకుకు పట్టుకుంటయి, సాఫ్ సోల్‌వి తొడుగు. సైజు మార్చినంక మెల్లగ మలుపు తిప్పి, క్లిప్ ముందు చక్రానికి తాకుతున్నదో చూడు. తాకితే యూటర్న్‌ల ఆ కాలు వెనక్కి పెట్టుకొని తిప్పాలె.

మిర్యాల_పట్టా:
యాసంగి కోతలప్పుడు ఊర్ల రోడ్లమీద వడ్లు ఆరబోస్తరు, టైరు జారుతది. కుప్ప కనబడంగనే రెండు పట్టాలూ వదులు చేసి, ఒక కాలు బయట పెట్టుకో.