పాత డీజిల్ పికప్ కొనాలా, వద్దా?

బరువుబండి:
చిన్న చిన్న కట్టడం పనులు చేయిస్తుంటాను. నెలలో పది పన్నెండు రోజులు ట్రైలర్ తగిలించి ఇసుక, ఇనుము, పరంజా సామాను లాగాలి. మిగతా రోజుల్లో ఇంటి నుంచి గోడౌన్‌కి ఆరు కిలోమీటర్లు, అంతే. ఇప్పుడున్న పెట్రోల్ బండి లోడ్ మీద ఎత్తు ఎక్కాలంటే ఏడుస్తోంది. కొత్తది కొనే స్థోమత లేదు.

పాత డీజిల్ పికప్‌లు రెండు చూశాను. ఒకటి ఇరవై రెండేళ్లది. ఇంజన్‌కి డీజిల్ కొట్టేది మెకానికల్ పంపు, మీటర్ 3,40,000 కి.మీ. రెండోది తొమ్మిదేళ్లది. కంప్యూటర్ డీజిల్ కొట్టించే కామన్ రైల్ ఇంజన్, పొగలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంది, 1,80,000 తిరిగింది. ఇద్దరు మెకానిక్‌లను అడిగాను. ఒకాయన కళ్లు మూసుకుని కొనెయ్ అన్నాడు, ఇంకొకాయన కళ్లు తెరిచి పారిపో అన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

పాతపంపు:
ఇరవై రెండేళ్లదే తీసుకో తమ్ముడూ. మెకానికల్ పంపు బండిలో చెడిపోవడానికి ఏముంది? కంప్యూటర్ లేదు, పదిహేను సెన్సర్లు లేవు. డీజిల్, గాలి, కంప్రెషన్ ఈ మూడూ ఉంటే ఇంజన్ తిరుగుతుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక దానికి కరెంటుతో దాదాపు పని లేదు, డీజిల్ ఆపే సోలనాయిడ్‌కి తప్ప. నా బండి ఆల్టర్నేటర్ దారిలో పోయింది. లైట్లు వేయకుండా పగటిపూట రెండు వందల కిలోమీటర్లు ఇంటికి తోలుకొచ్చాను. ఇప్పటి బండి అయితే లారీ ఎక్కి రావాల్సిందే.

1989 నుంచి 1998 దాకా డాడ్జ్ పికప్‌లలో వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ల, పన్నెండు వాల్వుల ఇంజన్‌ని జనం ఇప్పటికీ ఎందుకు వెతుక్కుంటున్నారు? ఇనుప బ్లాకు, గేర్లతో తిరిగే టైమింగ్, బెల్టు గొడవ లేదు. 1994 నుంచి వచ్చిన వాటిలో ఆ పెద్ద ఇన్‌లైన్ పంపు ఉంటుంది, దాన్ని చంపడం కష్టం.

లెక్కలబుక్కు:
అన్నా, మీకు ఇనుము మీద ప్రేమ ఎక్కువ. ఆయన అడిగింది మాత్రం ఆరు కిలోమీటర్ల గురించి కూడా.

లీటరు పెట్రోల్ కన్నా లీటరు డీజిల్‌లో శక్తి పది పదిహేను శాతం ఎక్కువ, కంప్రెషన్ కూడా ఎక్కువ, కాబట్టి మైలేజీ బాగుంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ లాభం చేతికి అందాలంటే బండి తిరగాలి. మీరు చెప్పిన 5.9 కి ఒక్కసారి ఆయిల్ మారిస్తే దాదాపు 11 లీటర్లు పడుతుంది. ఫోర్డ్ పికప్‌ల 7.3 ఇంజన్‌కి అయితే 14. మామూలు పెట్రోల్ కారుకి నాలుగైదు లీటర్లు చాలు. పెద్ద డీజిల్‌కి చాలావాటిలో రెండు బ్యాటరీలు. డీజిల్ ఫిల్టర్ టైముకి మార్చాలి, నీళ్లు వదలాలి. క్లచ్, స్టార్టర్, రేడియేటర్ అన్నీ బరువైనవే, బిల్లు కూడా అంతే బరువు. తక్కువ తిరిగేవాడు డీజిల్‌లో మిగిల్చింది ఆయిల్‌లో పోస్తాడు.

పైగా ఆరు కిలోమీటర్లలో అంత ఇనుము వేడెక్కనే వేడెక్కదు. వేడెక్కేలోపు ఆపేస్తావు. రోజూ అదే అయితే ఆయిల్‌లో మసి, తేమ చేరతాయి.

గ్రీజుచేతులు:
ఇద్దరూ సగం సగం కరెక్టే. ఇరవై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు దించుతున్నాను, ఒక మాట చెప్తాను. ఇంజన్ పేరు చూసి కొనకండి. ఆ బండి ఎన్ని చేతులు మారింది, ఆ చేతులు ఏం చేశాయి అన్నది చూడండి.

పాతపంపు గారు పొగిడిన పన్నెండు వాల్వుల ఇంజన్‌లోనే ముందు వైపు టైమింగ్ కేసులో ఒక చిన్న ఉక్కు పిన్ను ఉంటుంది. వైబ్రేషన్‌కి అది జారి గేర్ల మధ్య పడితే ఇంజన్ ఖతం. దానికి అడ్డుగా చిన్న రేకు బిగిస్తే సరిపోతుంది. అది బిగించారా అని అడిగితే ఎక్కువమంది అమ్మేవాళ్లకి ఆ పిన్ను సంగతే తెలియదు. 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన ఇరవై నాలుగు వాల్వుల దాంట్లో పిన్ను సంగతి అటుంచితే, ఎలక్ట్రానిక్ రోటరీ పంపు వచ్చింది. ఆ పంపుకి చల్లదనం, జిడ్డు రెండూ డీజిలే ఇవ్వాలి. ట్యాంకు నుంచి డీజిల్ అందించే చిన్న పంపు బలహీనపడితే పెద్ద పంపు ఎండి చస్తుంది. బయటికి చూస్తే అవే బండ్లు, అదే బ్యాడ్జీ. ఫోర్డ్‌లో 1994 - 2003 నాటి 7.3 కి ఉన్న మంచి పేరు విని 2003 - 2007 నాటి 6.0 కొని, ఆయిల్ కూలర్ పూడుకుపోయి, పొగను చల్లార్చి మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ పగిలి, హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్లినవాళ్లు ఎంతమందో.

ఇక చూడటానికి వెళ్లేటప్పుడు. ముందు అమ్మేవాడికి ఫోన్ చేసి “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నాడు. అరిగిన ఇంజన్ వేడి మీద బుద్ధిమంతుడిలా స్టార్ట్ అవుతుంది, చల్లగా ఉన్నప్పుడే దాని బుద్ధి బయటపడుతుంది.

చల్లటి స్టార్ట్‌లో కాస్త తెల్ల పొగ మామూలే, కాలని డీజిల్ అది. నిమిషంలో పోవాలి. పోకుండా, వాసన తియ్యగా ఉంటే కూలెంట్ లోపలికి దిగుతోంది. నీలం పొగ అయితే ఆయిల్ తాగుతోంది. లోడ్ మీద నల్ల పొగ వస్తే డీజిల్ చిమ్మే నాజిళ్లో, ఎయిర్ ఫిల్టరో, పంపు ఎవరైనా కెలికారో చూసుకోవాలి.

తర్వాత బ్యాక్ కంప్రెషన్, అంటే రింగుల పక్కనుంచి కిందికి కారే గ్యాస్. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద ఊరికే పెట్టండి. మూత కాస్త వణికితే ఫరవాలేదు. గంతులేసి కింద పడితే, రంధ్రంలోంచి పొగ బుసబుసమంటూ వస్తే, పిస్టన్ రింగుల పని అయిపోయినట్టే. ఇంజన్ దించాలి, సిలిండర్లు బోర్ చేయించాలి. చివరగా బండి కింద పడుకోండి. తుప్పు తిన్నదేమో తెలియడానికి స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా వెనక కమాను పట్టీల హ్యాంగర్ల దగ్గర గట్టిగా పొడవండి. చాలామంది ఇక్కడికి రారు, బట్టలు మాస్తాయని.

రాత్రిడ్రైవర్:
కంప్యూటర్ లేకపోతే హాయి అని అన్న అంటున్నారు కదా, నాకు జరిగింది చెప్తాను. పాత టర్బో డీజిల్. లోడ్ దించి వస్తుంటే ఉన్నట్టుండి ఇంజన్ అరవడం మొదలైంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు. కీ తిప్పాను, ఆగలేదు. కీ చేతిలోకి తీసేశాను, అప్పటికీ ఆగలేదు! వెనక చూస్తే రోడ్డు కనపడనంత పొగ. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్ తానే తాగుతూ పరిగెడుతోంది, డీజిల్ ఆపినా దానికి లెక్కే లేదు. బ్రేకు మీద నిలబడి, టాప్ గేరులో క్లచ్ ఒక్కసారిగా వదిలి పీక నొక్కి చంపాను. ఆ వాసన ఆరు నెలలు నా జాకెట్‌లో ఉంది.

పాతపంపు:
అది టర్బో తప్పు, పంపుది కాదు.

రాత్రిడ్రైవర్:
రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ తేడా నాకు పెద్దగా తట్టలేదన్నా.

నల్లపొగ:
ఇంత గొడవ ఎందుకు? తొమ్మిదేళ్లది కొని ఆ డీపీఎఫ్ కోసి పారేయించు. పికప్ కూడా పెరుగుతుంది. పికప్‌కి పికప్!

లెక్కలబుక్కు:
ఈ సలహా ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. చాలా దేశాల్లో అది నేరం, ఫిట్‌నెస్ పరీక్షలో బండి నిలబడదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012 లోనే మొదటి వర్గంలో చేర్చింది. వెనక టూవీలర్ మీద వచ్చేవాడు మన పికప్ కోసం ఎందుకు పీల్చాలి?

అలాగని తొమ్మిదేళ్ల బండి ఈయనకి సరిపోతుందనడం లేదు. ఆ ఫిల్టర్‌లో చేరిన మసి దాదాపు 600 డిగ్రీల వేడిలో కాలి శుభ్రం కావాలి. దానికి ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆరు కిలోమీటర్లలో మొదలవుతుంది, మధ్యలో ఆపేస్తావు. కొన్ని ఇంజన్లు ఆ వేడి కోసం సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ కొడతాయి, అది జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పెరిగి కనిపిస్తుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించకూడదు మరి.

గ్రీజుచేతులు:
ఇది నిజం. ఇంకో సంగతి, పాతదానికి సంబంధించి. అమెరికాలో 2006 నుంచి డీజిల్‌లో గంధకం 15 పీపీఎంకి (పది లక్షల్లో 15 వంతులు), ఐరోపాలో 2009 నుంచి 10 పీపీఎంకి తగ్గించారు. గంధకం తీసే పద్ధతిలో డీజిల్‌కి సహజంగా ఉన్న జిడ్డు కూడా పోతుంది, కాబట్టి రిఫైనరీలు మందు కలిపి పంపుతాయి. అందుకని పంపు పోతుందని భయపడక్కర్లేదు గానీ, పాత రబ్బరు సీళ్లు కొత్త డీజిల్‌కి కుంచించుకుపోయి కారడం నేను చాలా చూశాను. పంపు కింద తడి ఉంటే సీళ్ల కిట్ ఖర్చు బేరంలో తీసేయండి.

బరువుబండి గారూ, నా సలహా అడిగితే ఆ ఆరు కిలోమీటర్లకి మీ పెట్రోల్ బండే ఉంచుకోండి. డీజిల్‌ని ట్రైలర్ రోజుల్లోనే బయటికి తీయండి. రెండు బండ్లకి చోటు లేదంటే డీజిల్ మాట మర్చిపోండి.

బరువుబండి:
చోటు ఉంది. అందుకే నిన్న ఇరవై రెండేళ్లదాన్ని మళ్లీ చూడటానికి వెళ్లాను. స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాను. చెయ్యి పెడితే వేడి! “పక్కకి తీసి పెట్టానండీ” అన్నాడు. సరే, చల్లారేదాకా ఉంటానని అక్కడే అరుగు మీద కూర్చున్నాను. నాలుగు గంటలు. ఆయనకి నా మొహం చూడటం ఇబ్బందైపోయి రెండుసార్లు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

స్టార్ట్ చేస్తే రెండో తిప్పుకే అందుకుంది. తెల్ల పొగ కొంచెం వచ్చి పోయింది. మూత తిరగేసి పెట్టాను, నాణెం పెట్టినట్టు కదలకుండా కూర్చుంది. ఆయన నిజంగానే పక్కకి తీశాడేమో, పాపం. రేడియేటర్‌లో బుడగలు లేవు. నా గుండె తేలికైంది.

తర్వాత కింద పడుకున్నాను. ఎడమ వైపు వెనక హ్యాంగర్ పైన పొడిస్తే స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే గుప్పెడు తుప్పు నా కళ్లలో పడింది. పైన కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంది.

గ్రీజుచేతులు:
ఆ చోట పోయిందంటే దాని మీద ట్రైలర్ లాగొద్దు. వెల్డింగ్ చేయిస్తాననే మాట కూడా వినొద్దు.

రాత్రిడ్రైవర్:
కళ్లు కడుక్కున్నారా?

పాతపంపు:
మూత అస్సలు కదల్లేదా? తమ్ముడూ, ఇంజన్ ఒక్కటీ విడిగా అమ్ముతాడేమో కనుక్కుని చెప్పు. నాకు కావాలి.