గుంతల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్: సస్పెన్షన్ మొత్తం మార్చాల్సిందేనా?

ఖమ్మం_డ్రైవ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. కొంతకాలంగా ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ అని శబ్దం వస్తోంది. హైవే మీద 80లో వెళ్తుంటే ఏమీ ఉండదు. మా ఇంటి వైపు రోడ్డు గ్రానైట్ లారీలు తిరిగి తిరిగి బాగా చెడిపోయింది. ఆ దారిలో 20 లోపు స్పీడులో వస్తుంటే మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంటుంది.

నేను గమనించినంతలో, పెద్ద స్పీడ్ బ్రేకర్‌ని రెండు చక్రాలతో ఒకేసారి ఎక్కి దిగితే శబ్దం రావట్లేదు. ఒక్క ఎడమ చక్రమే గుంతలో పడితే వస్తోంది. బ్రేకు మీద కాలు ఆనించి నడిపి చూశాను, తేడా లేదు. స్టీరింగ్ వణకడం, బండి ఒక పక్కకి లాగడం లాంటివి లేవు.

ఒక వర్క్‌షాపులో చూపించాను. బండిని లిఫ్ట్ మీదకి ఎక్కించనే లేదు. వీధి చివరిదాకా నడిపి చూసి వచ్చి, షాకబ్జర్లు రెండూ, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చేతులు) రెండూ, లింక్ రాడ్లు, పైన మౌంట్లు అన్నీ మార్చాలి, 31 వేలు అవుతుంది అన్నారు. ఏది పోయిందో చూపించండి అంటే, ఇన్ని కిలోమీటర్లకి అన్నీ పోతాయి అన్నారు. వచ్చే నెల అమ్మను గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ బండిలో అంత దూరం వెళ్లొచ్చా అన్నది నా అసలు టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పగలరు.

వరంగల్_రైడర్

90 వేలు దాటితే షాకబ్జర్లు మార్చేయడమే మంచిది బ్రో. గుంతల్లో శబ్దం అంటే నూటికి తొంభై అవే. మా ఫ్రెండ్ కారుకి కూడా ఇలాగే ఉంటే మార్చాడు, తర్వాత బండి కొత్తదానిలా అయింది.

ఆటోనగర్_మేస్త్రీ

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతాను. ముందు చక్రాల కింద భాగాల పనే నాకు ఎక్కువ. కిలోమీటర్ల లెక్క చూసి పార్టులు మార్చకండి. ఇంజిన్ ఆయిల్‌కి, టైమింగ్ బెల్టుకి ఆ లెక్క పనికొస్తుంది. బుష్‌లకీ (ఇనుప భాగాల మధ్య ఉండే రబ్బరు దిమ్మలు), బాల్ జాయింట్లకీ (గిన్నెలో గుండులా అన్ని వైపులా తిరిగే కీళ్లు) రాదు. 40 వేలకే పోయిన లింక్ రాడ్‌లు చూశాను, లక్షన్నర తిరిగినా బిగుతుగా ఉన్న లోయర్ ఆర్మ్‌లూ చూశాను. అది రోడ్డును బట్టి, నడిపే చేతిని బట్టి ఉంటుంది.

నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే శబ్దం లేదు, ఒక్కటి లేస్తే ఉంది అన్నావు చూడు, అది. ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక వంపు తిరిగిన ఇనుప కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్. దాని రెండు చివర్లనీ షాకబ్జర్లకి కలిపేవే లింక్ రాడ్‌లు. రెండు చక్రాలూ ఒకే ఎత్తు లేచినప్పుడు ఆ బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, లింక్ రాడ్ మీద పెద్దగా బరువు పడదు. ఒక చక్రం లేచి రెండోది లేవకపోతే బార్ మెలిపడుతుంది, ఆ లాగుడంతా లింక్ రాడ్ చివర ఉన్న చిన్న బాల్ జాయింటు మీదే పడుతుంది. అందులో ఖాళీ వచ్చి ఉంటే టక్ టక్ అని కొడుతుంది. స్పీడులో వెళ్తే టైరు మోత, గాలి హోరులో అది వినపడదు. నా అనుమానం మొదట దాని మీదే.

షాకబ్జర్ పోతే వేరేగా తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ముందు భాగం రెండు మూడు సార్లు ఊగుతుంది, లేదా పెద్ద గుంతలో దడ్‌మని అడుగు తగిలినట్టు వస్తుంది. చక్రం వెనక నుంచి టార్చి వేసి షాకబ్జర్ ఒంటిని చూడు. పల్చగా నూనె చెమ్మ మాత్రమే ఉంటే భయం లేదు. నూనె ధారగా కారి, దాని మీద మట్టి ముద్దగా పేరుకుని ఉంటే పోయినట్టే. అప్పుడు మాత్రం రెండు పక్కలా కలిపే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది ఉండకూడదు.

బ్రేకు ఆనించినా తేడా లేదన్నావు కాబట్టి బ్రేక్ ప్యాడ్‌ల క్లిప్పులను పక్కన పెట్టొచ్చు. బ్రేకు వేసిన క్షణంలో, లేదా క్లచ్ వదిలి బండి కదిలే క్షణంలో ఒక్కసారి దబ్‌మంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ని అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తుంటే వరసగా కటకటమంటే యాక్సిల్ బయటి జాయింటు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు కిర్రుమని ఎగిరితే పైన మౌంటు బేరింగు. నువ్వు రాసిన దాంట్లో ఇవేవీ లేవు.

ఇంట్లోనే చూసుకునేది చెప్తాను. బండిని చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. జాకీ పెట్టకు. ఒక పక్క చక్రమే లేపితే బార్ మెలిపడి లింక్ రాడ్ బిగుసుకుంటుంది, లూజు దాక్కుంటుంది. చాలామంది అక్కడే దాన్ని బాగానే ఉందనుకుంటారు. స్టీరింగ్‌ని ఒక పక్కకి తిప్పితే చెయ్యి పట్టే సందు దొరుకుతుంది. లింక్ రాడ్‌ని జాయింటు దగ్గర గట్టిగా పట్టుకుని పైకీ కిందకీ విదిలించు. తర్వాత ఎవరినైనా బంపర్ దగ్గర నిలబడి బండిని పక్కకి ఊపమని, నువ్వు జాయింటు రబ్బరు మీద వేలు ఆనించు. లోపల కొడుతుంటే చెవికి వినపడకపోయినా వేలికి తెలుస్తుంది. రబ్బరు చిరిగి, గ్రీజు బయటికొచ్చి, దాని చుట్టూ తుప్పు రంగు కనపడితే ఇంక చూసేదేం లేదు.

ఖాయం చేసుకోవాలంటే ఆ పక్క లింక్ రాడ్ విప్పి, విప్పిన బార్ దేనికీ తగలకుండా కట్టేసి, మీ సందులోనే 20 లోపు నెమ్మదిగా ఒక చుట్టు నడిపి చూడాలి. శబ్దం పోతే అదే. ఇది మెకానిక్ దగ్గరే చేయించు. లింక్ రాడ్ లేని బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది, కాబట్టి రోడ్డెక్కకు.

ఇక గుంటూరు సంగతి. లింక్ రాడ్ పోయినంత మాత్రాన చక్రం ఊడిపోదు. చక్రం ఒరిగిపోయేది లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింటు ఊడినప్పుడు. స్టీరింగ్ చేతిలో లేకుండా పోయేది, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ ఊడినప్పుడు. అమ్మగారిని ఎక్కించుకునే ముందు ఈ రెండూ కచ్చితంగా చూపించు. చక్రం లేపి, కింద స్టాండ్ పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనాలి. ఆట పోతే అది చక్రం బేరింగు. బ్రేకు తొక్కినా ఆట ఉంటే బాల్ జాయింటు వైపు చూడాలి. అదే టైరుని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే లూజు ఉందంటే టై రాడ్ ఎండ్ లేదా ఆ రాడ్‌కి లోపలి చివర ఉండే జాయింటు, ర్యాక్ ఎండ్. స్టాండ్ లేకుండా ఒక్క జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టనివ్వకు, మెకానిక్‌నైనా సరే.

హైదరాబాద్_స్వాతి

మేస్త్రీ గారూ, చాలా వివరంగా చెప్పారండి. ఇది చదివేవాళ్లకి ఇంకో శబ్దం గురించి కూడా చెప్తాను. మా కారులో 50 దాటితే గూఁ అని మోత వచ్చేది. ఒకచోట టైర్ల వల్ల అన్నారు, రెండు టైర్లు మార్పించాం, మోత అలాగే ఉంది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే గమనించాను. న్యూట్రల్ చేసినా మోత తగ్గలేదు, అంటే ఇంజిన్, గేర్లది కాదు. ఎడమకి కొద్దిగా మళ్లిస్తే పెరిగేది, కుడికి మళ్లిస్తే తగ్గేది. ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి కుడి బేరింగు అయ్యుండాలని అనుకున్నాను.

షెడ్డులో అతను చక్రం లేపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ నన్ను స్ప్రింగు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఎడమ పక్క ఏమీ తెలియలేదు. కుడి పక్క ఇసుక నలుగుతున్నట్టు స్ప్రింగంతా సన్నగా జరజరలాడింది. బేరింగు మార్చాక ఆ మోత మళ్లీ రాలేదు. చెయ్యి పెట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు, టైర్లు కొనే ముందే ఎవరైనా చూసి ఉంటే బాగుండేది.

ఆటోనగర్_మేస్త్రీ

స్వాతి గారూ, స్ప్రింగు మీద చెయ్యి పెట్టించాడంటే అతనికి పని తెలుసమ్మా, వదులుకోకండి. బేరింగు మార్పించేవాళ్లకి రెండు మాటలు. ప్రెస్ మీదే ఎక్కించమనండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే లోపల గోళీలు తిరిగే దారిలో సన్న గుంటలు పడి, కొత్త బేరింగు కూడా త్వరలోనే మోత మొదలుపెడుతుంది. ఇంకోటి, ఏబీఎస్ ఉన్న చాలా బళ్లలో బేరింగుకి ఒక పక్క అయస్కాంత వలయం ఉంటుంది, అది సెన్సార్ వైపే ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే డ్యాష్ బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ మొత్తం విప్పాల్సి వస్తుంది. చిన్న గుండుసూది దగ్గర పెడితే ఏ పక్క లాగుతుందో తెలిసిపోతుంది.

ఖమ్మం_డ్రైవ్

అన్నా, మీరు చెప్పినట్టే ఇంటి దగ్గర చూశాను. ఎడమ లింక్ రాడ్ పై జాయింటు రబ్బరు ఒక పక్క చీలి ఉంది, చుట్టూ ఎర్రగా తుప్పు. మా తమ్ముడు బండి ఊపుతుంటే వేలికి స్పష్టంగా తగిలింది. బైపాస్ దగ్గర ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లి విప్పించాను. విప్పి చేతిలో పట్టుకుంటే పై జాయింటు దానంతట అదే వాలిపోతోంది, కింది జాయింటు మాత్రం బలంగా తిప్పితే గానీ కదలట్లేదు. అది లేకుండా సందులో నడిపి చూశాం, శబ్దం అస్సలు లేదు.

టైర్లు ఊపి చూశారు. బాల్ జాయింట్లు, టై రాడ్లు బాగున్నాయి. షాకబ్జర్లు పొడిగా ఉన్నాయి. కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీద మాత్రం సన్న పగుళ్లు కనిపించాయి. ఆర్మ్ ఇప్పుడే మార్చాలా? లింక్ రాడ్ ఒక పక్కదే కొనాలా, రెండూ కొనాలా?

ఆటోనగర్_మేస్త్రీ

మంచి పని చేశావు తమ్ముడూ. లింక్ రాడ్‌లు రెండూ కొను. కుడిది కూడా అదే రోడ్డు మీద అన్నే కిలోమీటర్లు తిరిగింది, అదేం పెద్ద ఖర్చు కాదు. బండి ఆర్‌సీ, విప్పిన పాత రాడ్ రెండూ షాపుకి తీసుకెళ్లు. ఒకే పేరు బండికి మోడల్ మారితే రాడ్ పొడవు మారుతుంది. కొత్తదాని జాయింటు చేత్తో తిప్పి చూడు, బిగుతుగా, అన్ని వైపులా ఒకేలా తిరగాలి. సులువుగా వాలిపోయినా, మధ్యలో పట్టేసినా వెనక్కిచ్చెయ్యి. బిల్లు తీసుకో. బిల్లు ఇవ్వనన్న చోట సస్పెన్షన్ సామాను కొనకు. డూప్లికేట్ లింక్ రాడ్ మహా అయితే శబ్దం చేస్తుంది, డూప్లికేట్ బాల్ జాయింటు ప్రాణం తీస్తుంది.

బిగించేటప్పుడు నట్టుతో పాటు లోపలి మర కూడా తిరుగుతుంటే, దాని చివర ఆలెన్ కీ పెట్టే గుంట ఉంటుంది, కొన్నిటికి రబ్బరు వెనక పానా పట్టే చోటు ఉంటుంది. అక్కడ పట్టుకుని నట్టు తిప్పాలి. రబ్బరుని ప్లయర్‌తో పట్టుకుంటే చిరిగి కొత్తది కూడా పాతదానిలాగే అవుతుంది. లింక్ రాడ్ మార్చినందుకు వీల్ ఎలైన్‌మెంట్ అక్కర్లేదు, ఎవరైనా అడిగితే వద్దను.

బుష్ సంగతి. పై పైన సన్న పగుళ్లు వయసు వల్ల వస్తాయి, వాటికే ఆర్మ్ మార్చకు. రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి విడిపోయిందా అనేది చూడాలి. టామీ రాడ్ (మీటలా వాడే పొడవాటి ఇనుప కడ్డీ) పెట్టి ఆర్మ్‌ని మెల్లగా తొయ్యమను. రబ్బరు సాగి మళ్లీ తన చోటికి వస్తే ఇంకా పనికొస్తుంది. గొట్టం పక్కన సందు తెరుచుకుని వెలుతురు కనపడితే మార్చాలి. ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువ అరుగుతున్నాయేమో కూడా చెయ్యి పెట్టి చూసుకో.

ఎప్పుడైనా ఆర్మ్ మార్చాల్సి వస్తే ఒక్క విషయంలో మొహమాటపడకు. ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే చెయ్యాలి. చాలా షెడ్లలో చక్రం గాల్లో వేలాడుతుండగానే బిగించేస్తారు. అప్పుడు బండి దించగానే ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడి, నిలబడి ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటుంది. అలా బిగించిన కొత్త బుష్‌లు ఏడాది తిరక్కముందే చిరిగి నా దగ్గరికి వస్తాయి, తప్పు కంపెనీది అనుకుంటారు. దగ్గరుండి అడిగి చేయించుకో. ఆర్మ్ గానీ టై రాడ్ గానీ మార్చిన రోజు మాత్రం ఎలైన్‌మెంట్ తప్పనిసరి.

స్ప్రింగు విప్పే పని ఎప్పుడొచ్చినా, స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ లేని చోట చేయించకు. స్ప్రింగుని నొక్కి పట్టకుండా పైన ఉన్న నట్టు విప్పితే అది ఎగిరి మనిషిని చంపేస్తుంది.

ఇప్పటికైతే రెండు లింక్ రాడ్‌లు వేయించి, ఓ వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లూ ఒకసారి బిగుతు చూపించి, టైర్లలో గాలి సరిచూసుకుని అమ్మగారిని గుంటూరు తీసుకెళ్లు. టామీ రాడ్ పెడితే ఆ బుష్ ఎలా ఉందో ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను.