గోడలకు ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా?

కొత్తిల్లు: రావులపాలెం దగ్గర ఇల్లు కడుతున్నాం. పిల్లర్లు లేచాయి. గోడలకు ఎర్ర ఇటుక వాడమని మా మామగారు, ఫ్లైయాష్ ఇటుక, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిదతో చేసే ఇటుక, వాడమని మేస్త్రీ. ఏది మేలండీ?

గోదావరి గట్టు: ఇందులో అడగడానికేముంది? ఊక వేసి కాల్చిన ఎర్ర ఇటుకలు రెండు తీసుకుని తాటించి చూడండి, ఖంగుమంటాయి. మా బావమరిది బూడిద ఇటుకతో కట్టుకున్నాడు. ఏడాది తిరగకుండానే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు!

సైట్ ఇంజనీరు: ఇటుకను తిట్టే ముందు అది ఎంత పచ్చిగా గోడెక్కిందో కనుక్కోండి. బూడిద ఇటుకను కాల్చరు. అచ్చు పోసి నీళ్లు కొట్టి గట్టిపరుస్తారు. ఆరేకొద్దీ కాస్త కుంచించుకుపోతుంది. రెండు మూడు వారాలు తడిపి, ఆరనిచ్చి కడితే ఆ కుంచింపు చాలావరకు బయటే అయిపోతుంది. అచ్చు తీసిన నాలుగు రోజులకే లారీ ఎక్కిస్తే బీట గోడలో వస్తుంది. కాల్చిన ఇటుక దీనికి ఎదురు, తేమ తాగి ఏళ్ల తరబడి రవ్వంత పెరుగుతుంది.

గోదావరి గట్టు: నీళ్లు పీల్చే సంగతి మాత్రం ఎత్తరు!

సైట్ ఇంజనీరు: ఎండబెట్టి తూచండి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. మామూలు రకాల్లో బరువు 20 శాతానికి మించి పెరగకూడదు. రెండు ఇటుకలకూ అదే హద్దు.

టేకుచెట్టు: వంటగది అరలకు 710 మార్కు ప్లైవుడ్ అడగండి. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు ఊడకూడదని దాని పరీక్ష.

గోదావరి గట్టు: ప్లైవుడ్ సంగతి ఎవరడిగారు? ఇంజనీరు గారూ, మా వాడి గోడకు తడి మరక కూడా ఉంది. దానికేమంటారు?

సైట్ ఇంజనీరు: నేల తేమ గోడకెక్కకుండా పునాది మీద చెమ్మ పట్టీ వేశారా?

గోదావరి గట్టు: అన్నిటికీ కట్టినవాడిదే తప్పు, బూడిదది మాత్రం కాదు! మీలాంటి వారి మాటలు విని జనం అటు పోబట్టే మా బట్టీలో ఈ ఏడు ఒక్క ఆవమే కాల్చాం.

చిన్న మేస్త్రీ: ఓహో, బట్టీ మీదేనా! ముందే చెప్పవలసింది.

సైట్ ఇంజనీరు: అయితే నేనూ చెబుతాను. మా పక్క చేలో నిలువెత్తు లోతున మట్టి తవ్వి బట్టీకి తోలారు. మా గట్టు జారింది. పెట్టిన నీరు నిలవక ఆ గుంటలోకే పోతోంది. 1999లో కేంద్రం, థర్మల్ విద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకల్లో 25 శాతం బూడిద కలపాలన్నది పైమట్టిని కాపాడడానికి కూడా.

గోదావరి గట్టు: ఆ మట్టి అమ్మింది రైతే. కౌలు గిట్టక, అప్పు తీరక అమ్ముకున్నాడు. మేమేమైనా రాత్రిపూట ఎత్తుకుపోయామా?

సైట్ ఇంజనీరు: డబ్బు అతనికి ముట్టింది. నీరు పోయింది మాకు.

కొత్తిల్లు: ఫ్లైయాష్ వాళ్లను అచ్చు పోసిన తేదీ అడిగితే నవ్వారు. ఈలోగా మామగారు బట్టీకి అడ్వాన్సు ఇచ్చి వచ్చారట.

గోదావరి గట్టు: ఏ ఊరి బట్టీ అండీ?