డ్యూరా తెరిచాక నావిగేషన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? (ఎపిలెప్సీ సర్జరీ)

న్యూరో_పీజీ:
నమస్తే సర్. ఫ్రంటల్ లోబ్‌లో సల్కస్ (మెదడు ముడతల మధ్య గాడి) అడుగున చిన్న ఎఫ్‌సీడీ (ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేజియా, మూర్ఛ తెప్పించే కార్టెక్స్ లోపం). ఎమ్మారైలో కనపడుతుంది గానీ, తెరిచి చూస్తే పైన కార్టెక్స్ (మెదడు పైపొర) మామూలుగానే ఉంటుంది. నావిగేషనే (పాయింటర్ ఎక్కడుందో స్కాన్ మీద చూపే సిస్టమ్) దిక్కు. రిజిస్ట్రేషన్ (పేషెంట్ తలని స్కాన్‌తో జతచేయడం) ఎర్రర్ 1.2 మి.మీ. అని స్క్రీన్ మీద వస్తుంది, డ్యూరా (మెదడు మీది గట్టి పొర) తెరిచాక మాత్రం పాయింటర్ పక్క గైరస్ (మెదడు ముడత) మీదికి పోతుంది. తేడా రిజిస్ట్రేషన్‌దా, బ్రెయిన్ షిఫ్ట్‌దా (మెదడు కదలడం)? ఎలా తేల్చుకోవాలి?

ఓటీ_టెక్:
ఆ 1.2ని పట్టుకుని కూర్చోకండి. మీరు తీసుకున్న పాయింట్లు స్కాన్‌తో ఎంత కుదిరాయో అది చెబుతుంది, అంతే. లోపల టార్గెట్ దగ్గర ఎంత తప్పుతుందో చెప్పదు. పాయింట్లన్నీ ముఖం మీదే తీసుకుంటే వెనక్కి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది. తలని కదలకుండా పట్టే పిన్నులు బిగించినప్పుడు నుదుటి చర్మం లాగినా అంతే. అందుకే డ్రేప్ వేయకముందు నేసియన్ (ముక్కు మొదలు), రెండు కంటి కొసలు, ట్రేగస్ (చెవి రంధ్రం ముందున్న చిన్న బొడిపె), ఆపరేషన్ వైపు ఇంకో చోటు పాయింటర్‌తో ముట్టి చూడండి. 2 మి.మీ. దాటితే మళ్లీ మొదటినుంచి చేయడమే.

ఇక మీ ప్రశ్నకి: బోన్ ఫ్లాప్ (తెరవడానికి కోసే పుర్రె ముక్క) తీసేముందే, ఆ కోత గీత బయట పుర్రె మీద సన్న డ్రిల్‌తో నాలుగు చిన్న గుంటలు పెట్టి, వాటిని సిస్టమ్‌లో సేవ్ చేసుకోండి. తర్వాత అనుమానం వస్తే వాటిలో పాయింటర్ పెట్టండి. గుంటలు కుదిరి కార్టెక్స్ కుదరకపోతే మెదడు కదిలింది. గుంటలే కుదరకపోతే రిఫరెన్స్ ఫ్రేమ్‌కి (తల చోటును సిస్టమ్‌కి చెప్పే ఫ్రేమ్) ఎవరిదో మోచెయ్యి తగిలింది, లేదా దాని స్క్రూ వదులైంది. అప్పుడు ఆ గుంటలతోనే మళ్లీ రిజిస్టర్ చేయొచ్చు.

ఎపి_సర్జన్:
గుంటల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కదిలింది మెదడే అయితే దాన్ని సిస్టమ్ సరిదిద్దలేదు. సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) కారిపోతే, మానిటాల్ (మెదడు వాపు తగ్గించే మందు) ఇస్తే మెదడు గురుత్వం వైపు దిగుతుంది, ఒక్కోసారి 10 మి.మీ. దాకా కూడా. ఇంత చిన్న లీజన్‌కి (లోపమున్న చోటు) మెదడు బిగువుగా లేకపోతే మానిటాల్ అలవాటుగా ఇవ్వడం నాకు నచ్చదు. డ్యూరా తెరవగానే, అరాక్నాయిడ్ (డ్యూరా కిందుండే పల్చటి పొర) ముట్టకముందే, సల్కస్‌ని నంబరు కాగితాలతో గుర్తు పెట్టండి. కాంట్రాస్ట్ టీ1లో (కాంట్రాస్ట్ మందుతో తీసిన ఒక రకం ఎమ్మారై) నరాల, అంటే వీన్ల, అమరిక చూసుకోండి. ఎదుట కనిపించే వీన్ స్క్రీన్‌తో సరిపడకపోతే వీన్‌నే నమ్మాలి. అంచుల్లో సన్న సిలికాన్ గొట్టాలు కంచెలా ముందే దింపితే, మెదడు దిగినా అవీ దానితోపాటే దిగుతాయి. అల్ట్రాసౌండ్ ఉంటే సెలైన్ నింపి చూడండి, టైప్ 2 ఎఫ్‌సీడీ చాలాసార్లు తెల్లగా కనిపిస్తుంది.

ఇమేజింగ్_డెస్క్:
స్కాన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 3డీ టీ1, 3డీ ఫ్లెయిర్ (ఇంకో రకం ఎమ్మారై) రెండూ 1 మి.మీ., గ్యాప్ లేకుండా, ముక్కు చెవులతో సహా తీయాలి. 5 మి.మీ. ఫ్లెయిర్‌ని టీ1 మీద మెర్జ్ చేసి (ఒకదానిపై ఒకటి పేర్చి) లీజన్ గీస్తే తప్పు అక్కడే మొదలవుతుంది. మెర్జ్‌ని చర్మం దగ్గర కాదు, వెంట్రికిల్ (మెదడు లోపలి ద్రవపు గది) అంచుల దగ్గర, సల్కస్‌ల దగ్గర సరిచూడండి.

న్యూరో_పీజీ:
ధన్యవాదాలు. ప్రోన్ (బోర్లా పడుకోబెట్టే) పొజిషన్‌లో ముఖం అందదు కదా, అప్పుడు?

ఓటీ_టెక్:
స్కాన్‌కి ముందే తల వెనకా పక్కలా స్టిక్కర్ మార్కర్లు అంటించండి, ఒకే వరుసలో కాకుండా. చుట్టూ పెన్నుతో గీయండి, ఊడినా చోటు తెలుస్తుంది.